గ్లౌజు ఎవరి కోసం? బాక్సింగ్‌లో 10, 12, 14, 16 ఔన్సుల మధ్య ఎంపిక

బాక్సింగ్ నేర్చుకోవడానికి కొత్తగా చేరినవారు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న, ఎన్ని ఔన్సుల గ్లౌజులు కొనాలి అన్నది. దుకాణంలో 8, 10, 12, 14, 16 అనే అంకెలు కనిపిస్తాయి. చెప్పుల నంబరులాగా వీటిని చేతి కొలతను బట్టి ఎంచుకోవాలేమోనని చాలామంది అనుకుంటారు. దుకాణదారు కూడా మన చెయ్యి ఒకసారి చూసి "మీకు పన్నెండు సరిపోతుందండీ" అనేస్తాడు. నిజానికి ఆ అంకె ఒక్కో గ్లౌజు బరువు. ఔన్సు అంటే 28 గ్రాముల పైచిలుకు కాబట్టి, 10 ఔన్సుల గ్లౌజు ఒక్కొక్కటి సుమారు 284 గ్రాములు, 16 ఔన్సులది సుమారు 454 గ్రాములు తూగుతుంది. పెరిగిన బరువులో ఎక్కువ భాగం పిడికిలి ముందుండే ప్యాడింగే. చెయ్యి దూర్చే లోపలి గది కూడా కొంత పెరుగుతుంది గానీ, అది తయారీదారును బట్టి మారుతుంది; ఒక సంస్థ 12 ఔన్సుల గ్లౌజు మరో సంస్థ 14 ఔన్సుల దానికన్నా లోపల వదులుగా ఉండడం మామూలే.

కొనే ముందు తేల్చుకోవలసిన సంగతి, ఆ గ్లౌజు ఎవరిని కాపాడాలి అన్నది. సాధన కోసం వేలాడదీసి కొట్టే బ్యాగ్‌కు నొప్పి తెలియదు గనుక అక్కడ గ్లౌజు చేయవలసిన పనంతా మన వేలి కణుపులను, మణికట్టును కాపాడడమే. స్పారింగ్‌లో, అంటే సాధన కోసం ఇద్దరు తలపడేటప్పుడు, ఎదురుగా నిలబడేది సాటి మనిషి. అక్కడ మన చేతికున్న ప్యాడింగ్ ముందుగా అతని ముక్కును, కనుబొమను, పెదవిని కాపాడాలి, మన చేతి సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. ఈ రెండు పనులకూ ఒకే జత చాలదన్నది నా అభిప్రాయం. ఒక్క జతకే డబ్బు ఉన్నవారు ఏం చేయాలో కింద విడిగా రాశాను.

పోటీలను టీవీలో చూసి 10 ఔన్సుల జత కొనేసేవారు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. వృత్తి బాక్సింగ్‌లో వెల్టర్‌వెయిట్ వరకు, అంటే 147 పౌండ్ల వరకు, సాధారణంగా 8 ఔన్సుల గ్లౌజులు వాడతారు. అంతకు పైబడిన తరగతులకు 10 ఔన్సులు. అమెచ్యూర్ పోటీలలో ప్యాడింగ్ కొంత ఎక్కువ. రియో ఒలింపిక్స్ నాటి నిబంధనల ప్రకారం పురుషులకు 64 కిలోల లైట్ వెల్టర్ వరకు 10 ఔన్సులు, 69 కిలోల వెల్టర్ నుంచి పైకి 12 ఔన్సులు. మహిళలకు అన్ని తరగతులలోనూ 10 ఔన్సులే. 2013లో అంతర్జాతీయ సమాఖ్య సీనియర్ పురుషుల పోటీలలో హెడ్‌గార్డ్ తీసేయించిన తరువాత చేతికున్న ప్యాడింగ్ ప్రాముఖ్యం మరింత పెరిగింది. అయితే ఈ అంకెలన్నీ పోటీ రోజుకు సంబంధించినవి. పెద్ద పోటీలలో గ్లౌజులను నిర్వాహకులే ఇస్తారు, ఎర్ర మూలకు ఒక జత, నీలం మూలకు ఒక జత. పోటీ కోసమని సొంతంగా 10 ఔన్సులు కొనవలసిన అవసరం కొత్తవారికి దాదాపు ఉండదు. కొన్నా ఆ జతను స్పారింగ్‌లోకి తీసుకురాకూడదు.

ఒక్క ఔన్సు తేడాతో ఏమవుతుందిలే అనుకునేవారు 1983 జూన్ 16న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది తెలుసుకోవాలి. అంతవరకు ఓటమి ఎరుగని బిల్లీ కాలిన్స్ జూనియర్‌తో లూయిస్ రెస్టో పది రౌండ్లు తలపడ్డాడు. పోరు ముగిశాక అభినందించడానికి వచ్చిన కాలిన్స్ తండ్రి రెస్టో గ్లౌజును పట్టుకొని చూస్తే, పిడికిలి మీద ఉండవలసిన ప్యాడింగ్ చేతికి తగలలేదు. ఒక్కో గ్లౌజు నుంచి సుమారు ఒక ఔన్సు ప్యాడింగ్ తీసేసినట్టు విచారణలో తేలింది. కాలిన్స్ ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది, కంటి ఐరిస్, అంటే నల్లగుడ్డులోని రంగు పొర, చినిగి చూపు దెబ్బతింది, అతడు మళ్ళీ రింగులోకి దిగలేదు. మరుసటి ఏడాదే కారు ప్రమాదంలో మరణించాడు. రెస్టో, అతని శిక్షకుడు పనామా లూయిస్ ఇద్దరూ జైలుకు వెళ్ళారు. వాళ్ళు చేసింది నేరం, మనం చేసేది ఎంపిక. కానీ ఎదుటి మనిషి ముఖానికి సంబంధించినంతవరకు లెక్క ఒకటే. 12 ఔన్సులతో స్పారింగ్‌కు వచ్చినవాడు 16 ఔన్సులతో వచ్చినవాడి కన్నా నాలుగు ఔన్సులు తక్కువ తొడుక్కొని వచ్చినట్టే.

ఇక స్పారింగ్‌కు 14 ఔన్సులా, 16 ఔన్సులా అన్న ప్రశ్న. చాలా క్లబ్బులు పెద్దవాళ్ళందరికీ 16 ఔన్సులనే నియమంగా పెట్టుకుంటాయి, నాకు అదే సబబుగా తోస్తుంది. 60 కిలోల లోపున్నవారు తమంతటి బరువున్నవారితోనే స్పారింగ్ చేసేట్టయితే 14 ఔన్సులు చాలు. 50 కిలోల దరిదాపుల్లో ఉండే అమ్మాయిలు, పదిహేను పదహారేళ్ళ పిల్లలు తమలో తాము చేసుకునేటప్పుడు 12 ఔన్సులకు కూడా ఒప్పుకోవచ్చు. 70 కిలోలు దాటినవారు 16 కన్నా తగ్గడానికి నాకు కారణమేదీ కనిపించదు. 90 కిలోలు దాటినవారికి 18 ఔన్సులవి కూడా దొరుకుతాయి, కాకపోతే మన ఊళ్ళ దుకాణాలలో వెతకాలి, లేదా తెప్పించుకోవాలి. ఇద్దరి బరువులకూ బాగా తేడా ఉన్నప్పుడు బరువైనవాడు 16 తొడుక్కొని, తేలికైనవాడు 14 తొడుక్కోవడం న్యాయం.

విశాఖపట్నంలో నేను నేర్చుకున్న క్లబ్బులో సొంత గ్లౌజులు ఉన్నవాళ్ళు తక్కువ. ఒక పాత ట్రంకు పెట్టెలో అన్ని సైజులూ కలిపి పడేసి ఉండేవి. కొన్నిటి కుట్ల మధ్య నుంచి స్పాంజి బయటికి కనిపించేది, అన్నిటి లోపలా అంతకుముందు బ్యాచి చెమట తడి ఉండేది. సాయంత్రం పెట్టె మూత తీయగానే సీనియర్లు 12 ఔన్సుల జతలు తీసేసుకునేవాళ్ళు, ఎందుకంటే అవి తేలిక, చెయ్యి చురుగ్గా కదులుతుంది. మిగిలిన బరువైన జతలు మాలాంటి బక్కవాళ్ళకు వచ్చేవి. ఆ పద్ధతిని మాస్టారు ఒకరోజు తలకిందులు చేశారు. పెట్టె దగ్గర తానే నిలబడి, ఎవరి బరువెంతో అడిగి, బరువైనవాడి చేతిలో బరువైన జత పెట్టడం మొదలుపెట్టారు. డెబ్బై అయిదు కిలోల అన్న ఒకాయన "మాస్టారూ, ఇవి తొడుక్కుంటే చెయ్యి లేవట్లేదండీ" అని గొణిగితే, "నీ చెయ్యి లేవకపోతే వాడి ముక్కు మిగులుతుంది, తొడుక్కో" అన్నారు. ఆ వారం నుంచి ముక్కు నుంచి రక్తం కారి కుళాయి దగ్గరికి పరిగెత్తేవాళ్ళు నిజంగానే తగ్గారు.

16 ఔన్సులకు మూల్యం ఉంది, అది భుజాలు చెల్లిస్తాయి. మొదటి రౌండులో ఏమీ తెలియదు. మూడో రౌండు వచ్చేసరికి పంచ్ విసరడం అటుంచి, గ్లౌజులను గడ్డం దగ్గర నిలపడమే పెద్ద పని అవుతుంది. మోచేతులు వాటంతటవే కిందికి జారుతుంటే, తాళ్ళ బయటి నుంచి "ఒరేయ్, గార్డ్ పైకెత్తు" అన్న కేక ఆగకుండా వినిపిస్తుంది. ఈ అలసట వల్ల పోటీలో 10 ఔన్సులు తొడుక్కున్న రోజున చేతులు మెరుపులా కదులుతాయని కొందరు శిక్షకులు చెబుతారు. భుజాలకు ఓర్పు వస్తుందన్నంతవరకు నేను ఒప్పుకుంటాను. వేగం మాత్రం గ్లౌజు బరువు వల్ల వచ్చేది కాదు, అది ఒంటరిగా గాలిలో పంచ్‌లు విసిరే షాడో బాక్సింగ్‌లోనూ, శిక్షకుడు చేతులకు తొడుక్కొని పట్టే ప్యాడ్‌ల మీదా సాధించుకోవలసిందే. పోటీకి రెండు మూడు వారాల ముందు ప్యాడ్‌ల మీద 10 ఔన్సులకు మారితే దూరం, సమయం లెక్క కుదురుతుంది. ఎందుకంటే చిన్న గ్లౌజుతో గార్డ్ పట్టినప్పుడు చేతుల మధ్య సందు పెద్దదవుతుంది, 16 ఔన్సుల వెనక దాక్కోవడం అలవాటైనవాడికి ఆ సందులోంచి వచ్చే జాబ్, అంటే ముందు చేతితో నేరుగా విసిరే పంచ్, కొత్తగా ఉంటుంది.

పెద్ద గ్లౌజు గురించి ఒక భ్రమ కూడా ఉంది. ప్యాడింగ్ ఎక్కువైతే దెబ్బ ఎక్కువ జాగాలో పరచుకుంటుంది, చర్మం చిట్లడం, వాపులు తగ్గుతాయి. తల అదరడం మాత్రం ఆగదు. మెదడుకు తగిలే కుదుపును ఏ గ్లౌజూ, ఏ హెడ్‌గార్డూ పూర్తిగా అడ్డుకోలేదు. 16 ఔన్సులు తొడుక్కున్నాం కదా అని బలమంతా పెట్టి కొట్టుకునే క్లబ్బు కన్నా, 14 ఔన్సులతో నెమ్మదిగా, నేర్చుకునేందుకు చేసుకునే క్లబ్బు నయం.

స్పారింగ్ జతలో బరువుతో పాటు చూడవలసినది కట్టు. వెల్‌క్రో పట్టీ ఉన్నది ఎవరి సాయమూ లేకుండా తొడుక్కోవచ్చు, విప్పుకోవచ్చు, కాబట్టి సాధనకు అదే అనుకూలం. లేసులున్నది మణికట్టును గట్టిగా, సమంగా పట్టుకుంటుంది గానీ ముడి వేయడానికి ఇంకొకరు కావాలి. వెల్‌క్రోతో ఒక ప్రమాదం ఉంది: పట్టీ చివర కాస్త లేచినా దాని గరుకు వైపు ఎదుటివాడి ముఖాన్ని గీకేస్తుంది. క్లించ్‌లో, అంటే ఒకరినొకరు పట్టుకొని ఉండగా, ఒకాయన పట్టీ నా కనురెప్ప మీదుగా చెవిదాకా గీసుకుపోయింది. పంచ్ తగిలినప్పుడు లేని మంట చెమట తగిలేసరికి పుట్టింది. మాస్టారు వెంటనే ఆపించి, కరెంటు పనివాళ్ళు వాడే నల్ల ఇన్సులేషన్ టేపును ఇద్దరి పట్టీల మీదా రెండు చుట్లు చుట్టించారు. పది ఇరవై రూపాయల టేపు చుట్ట ఒకటి సంచిలో ఉంచుకుంటే లేసు గ్లౌజుల ఖర్చు తప్పుతుంది. బొటనవేలు విడిగా ఊగకుండా గ్లౌజుకు కుట్టి ఉందా అన్నది కూడా చూసుకోవాలి. విడి బొటనవేలు ఎదుటివాడి కంట్లో పొడుచుకోవచ్చు, మన వేలే వెనక్కి వంగిపోనూవచ్చు.

బ్యాగ్ విషయానికి వస్తే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ 10, 12 ఔన్సులు అందరికీ పనికొస్తాయి. బ్యాగ్ కోసం చేసిన గ్లౌజులలో ఫోమ్ గట్టిగా ఉంటుంది, పిడికిలి సరిగా మడుచుకుంటుంది, దెబ్బ ఎక్కడ తగిలిందో చేతికి తెలుస్తుంది. 65 కిలోల లోపువారికి 10, ఆ పైవారికి 12 ఔన్సులు తీసుకోమంటాను. పంచ్ బలంగా ఉండి చేతులు తరచూ నొప్పి పెట్టేవారు 14కు వెళ్ళినా తప్పులేదు. గురి తప్పిన దెబ్బ చిటికెన వేలి వైపు పడినప్పుడు ఆ వేలి కింద ఉండే అరచేతి ఎముక విరగవచ్చు. వైద్యులు దానికి బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పేరే పెట్టారు. మన దగ్గర చాలా క్లబ్బులలో బ్యాగులు గుడ్డపేలికలు, ఇసుక నింపి చేసినవి. కొన్నాళ్ళకు ఇసుకంతా కిందికి దిగి, పైభాగం మెత్తగా, నడుము కింది భాగం రాయిలా తయారవుతుంది. అలాంటి బ్యాగ్ మీద బాడీ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి ఒంటి మీదికి విసిరే పంచ్, కొట్టేవారు దుకాణంలో రాసిన సలహా కన్నా రెండు ఔన్సులు ఎక్కువే వాడాలి. మెరుగైన బ్యాగ్ ఉన్న క్లబ్బులో ఆ అవసరం రాదు.

ప్యాడ్‌ల సాధనకు బ్యాగ్ జతే సరిపోతుంది. పట్టుకునే మాస్టారు వయసులో పెద్దవారైతే 12కు తగ్గకపోవడం మర్యాద.

ఒక్క జతే కొనగలవారు 70 కిలోల లోపైతే 14, ఆ పైనైతే 16 కొనాలి. 12 కొంటే బ్యాగ్‌కూ ప్యాడ్‌లకూ హాయిగా ఉంటుంది గానీ, స్పారింగ్ మొదలుపెట్టిన నాడు మళ్ళీ దుకాణానికి వెళ్ళక తప్పదు. 16తో బ్యాగ్ కొట్టడం కొంత శ్రమైనా సాధ్యమే, 10తో స్పారింగ్ చేయడం మాత్రం ఎదుటివాడికి అన్యాయం. క్లబ్బులో అందరికీ వాడుకునేందుకు మంచి స్పారింగ్ జతలు ఉంటే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు సొంత డబ్బుతో బ్యాగ్ జతనే కొనాలి, స్పారింగ్‌కు క్లబ్బువి వాడుకోవాలి. ఏది కొన్నా దానికి ముందు చేతికి చుట్టుకునే ర్యాప్స్ కొనాలి. 3 మీటర్లవి, 4.5 మీటర్లవి అని రెండు పొడవుల్లో దొరుకుతాయి. పెద్దవాళ్ళ చేతికి 4.5 మీటర్లే సరి, పొట్టివి మణికట్టుకో కణుపులకో ఏదో ఒకదానికే చాలుతాయి. కాస్త సాగే రకమైతే చేతికి అతుక్కుని ఉంటుంది. సాగని నూలువి రెండో రౌండుకే వదులవుతాయి.

దుకాణానికి వెళ్ళేటప్పుడు ఆ ర్యాప్స్ తీసుకెళ్ళి, చుట్టుకున్న చేతినే గ్లౌజులో పెట్టి చూడాలి. దుకాణదారు విసుక్కున్నా పరవాలేదు. వేళ్ళ చివరలు లోపలి కొసను తాకీ తాకనట్టుండాలి. పిడికిలి పూర్తిగా మూయగలగాలి. మూసిన పిడికిలితో గోడను మెల్లగా నొక్కినప్పుడు మణికట్టు వెనక్కి వంగకూడదు. కొత్త గ్లౌజు కాస్త బిగువుగా ఉండడమే మంచిది, వాడేకొద్దీ అది చేతికి సర్దుకుంటుంది. చిన్న చేతులున్న అమ్మాయిలకు 16 ఔన్సులవి లోపల వదులుగా తగలడం తరచూ వచ్చే ఇబ్బంది. వారు ఔన్సులు తగ్గించుకోవడం కన్నా, లోపలి గది ఇరుకుగా ఉండే మరో సంస్థ గ్లౌజును వెతుక్కోవడం మేలు. నిజామాబాద్‌లో మొదలుపెట్టి, విశాఖపట్నంలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో ఐ.వి.రావు దగ్గర శిక్షణ పొంది, 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్ తన తొలినాళ్ళలో అబ్బాయిలతోనే స్పారింగ్ చేయవలసి వచ్చిందని పలుమార్లు చెప్పారు. ఇప్పటికీ మన జిల్లా కేంద్రాలలో చాలామంది అమ్మాయిల పరిస్థితి అదే. అక్కడ అమ్మాయి ఏ సైజు తొడుక్కున్నదీ రెండో ప్రశ్న. ఎదురుగా ఉన్న అబ్బాయి చేతికి 16 ఔన్సులు ఉన్నాయా లేదా అన్నది శిక్షకుడు ముందుగా చూడాలి.

తోలా, సింథటిక్ అన్నదానికి నా దగ్గర ఒక్క మాటే ఉంది: వారానికి రెండు మూడు రోజులు వచ్చేవారికి సింథటిక్ చాలు, రోజూ వచ్చేవారికి తోలు. మన దేశంలో క్రీడా సామగ్రి తయారీకి పేరున్న మీరట్, జలంధర్ నుంచి రెండు రకాలూ వస్తాయి. తక్కువ ధర సింథటిక్ గ్లౌజు సముద్రతీరపు ఉక్కలో ఏడాది రెండేళ్ళకు పొరలు పొరలుగా రాలడం మొదలవుతుంది, ఆ పొరలు చెమటతో ఎదుటివాడి ముఖానికి అంటుకుంటాయి. లోపలి ప్యాడింగ్‌లో గుర్రపు వెంట్రుకలు కలిపిన మెక్సికన్ తరహా గ్లౌజులు వృత్తి బాక్సర్లకు ప్రీతిపాత్రమైనవి, ఎందుకంటే వాటితో దెబ్బ గట్టిగా తగులుతుంది. సరిగ్గా ఆ కారణం చేతనే అవి స్పారింగ్‌కు తగవు.

వాడాక గ్లౌజులను సంచిలో పెట్టి జిప్ వేసేయడం వాటి ఆయుష్షును సగానికి తగ్గిస్తుంది. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, లోపల పాత దినపత్రిక ఉండలు కుక్కి, ఫ్యాను కింద నోరు తెరిచి పెట్టాలి. ఎండలో పెడితే తోలు పగులుతుంది, ఫోమ్ గట్టిపడుతుంది.

పాత జత కొనేవారు, క్లబ్బులో పాత జతలు వాడేవారు చేయవలసిన పరీక్ష ఒకటుంది. పిడికిలి కణుపులు ఉండే చోట గ్లౌజును బయటి నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కాలి. మంచి ప్యాడింగ్ ఎదురు తిరిగి, వేలు తీయగానే పైకి లేస్తుంది. చచ్చిన ప్యాడింగ్ గుంట పడి అలాగే ఉంటుంది, లేదా లోపలున్న చేతి కణుపు వేలికి తెలుస్తుంది. అలా తెలిసిన జత మీద 16 అని రాసి ఉన్నా అది 16 చేసే పని చేయదు, బరువు మాత్రం అంతే ఉంటుంది. అందుకే స్పారింగ్ జతతో బ్యాగ్ కొట్టవద్దని పట్టుబడతారు. ఇసుక బ్యాగ్ మీద ప్యాడింగ్ చాలా త్వరగా అణగిపోతుంది. నెలకొకసారి ఈ పరీక్ష చేసుకుంటూ, గుంట లేవడం మానేసిన జతను బ్యాగ్‌కు దించేసి, కుట్లు కూడా వదులైతే దాన్ని షాడో బాక్సింగ్‌లో చేతి బరువు కోసం ఉంచుకొని, కొత్తగా కొన్న జతను స్పారింగ్‌కే వాడాలి.